పచ్చచుక్క నోము: ఇంటి నుంచి పనిచేసేవారికి కొన్ని చెడు సలహాలు

ఇంటి నుంచి ఉద్యోగం ఎలా చేయాలో చెప్పేవాళ్లు 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత వీధికి పదిమంది తేలారు. వెన్ను నిటారుగా ఉంచమంటారు, గంటకోసారి లేచి నడవమంటారు, పనివేళ అయిపోగానే ల్యాప్‌టాప్ మూసేయమంటారు. అన్నీ మంచి మాటలే కాబట్టి ఎవరూ వినలేదు. ఇక్కడ చెప్పబోయేవి అలాంటివి కావు. ఇవి హైదరాబాదు నుంచి అమలాపురం దాకా ఇప్పటికే నిష్ఠగా ఆచరణలో ఉన్నవి. ఒకచోట రాసిపెట్టినవాళ్లు లేరు, అంతే.

నోము పట్టేముందు దేవుడెవరో తెలియాలి. ఇక్కడ దేవుడు పచ్చచుక్క. ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో మీ పేరు పక్కన వెలిగే ఆ చుక్క, ఐదు నిమిషాలు కంప్యూటరు ముట్టుకోకపోతే పసుపురంగుకు తిరుగుతుంది. ఆ ఐదు నిమిషాలూ మీరు కాగితం మీద లెక్క వేస్తున్నారా, క్లయింటుతో ఫోన్లో మాట్లాడుతున్నారా, ఎంతకీ దొరకని బగ్గు గురించి కిటికీలోంచి చూస్తూ ఆలోచిస్తున్నారా అన్నది దానికి అనవసరం. కాబట్టి మొదటి నియమం, ఆలోచించకండి. ఆలోచించేవాడి చెయ్యి కీబోర్డు మీద ఉండదు. అస్తమానం ఏదో ఒకటి టైపు చేస్తూ ఉండండి. ఏమీ తోచకపోతే వచ్చిన ప్రతి మెయిలుకూ ‘నోటెడ్’ అని జవాబివ్వండి, పదిమందినీ కాపీలో పెట్టి.

భోజనానికి లేవక తప్పదంటారా? మౌసును దానంతటదే కదిల్చే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అంత ఖర్చు దండగ అనుకుంటే, సెకన్ల ముల్లున్న చేతిగడియారం ఒకటి మౌసు కింద పెట్టి వెళ్లండి. ముల్లు తిరిగినప్పుడల్లా తెరమీది బాణం కాస్త అదురుతుంది, చుక్క పచ్చగా ఉంటుంది, మీరు పప్పన్నం తినొచ్చు. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు ఆడుతున్నట్టు కనికట్టు చేశారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. ఆ వార్త చూసి బెదరకండి. మనవాళ్లు అంత దూరం రారు అనుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఏ యూఎస్‌బీ పరికరం తగిలించారో ఐటీ విభాగానికి కనిపిస్తుందన్న సంగతి కూడా మరిచిపోండి.

మీరు టీమ్ లీడో మేనేజరో అయితే మీ బాధ్యత ఇంకా పెద్దది. పని ఎంతవరకు వచ్చిందో చూడటం కష్టం, అందుకు ఆ పని మీకూ తెలిసి ఉండాలి. హాజరు వేయడం సులువు. అందుకని కెమెరాలు ఆన్ చేయించండి. పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్, మధ్యాహ్నం సింకప్, సాయంత్రం ఆరింటికి ‘ఒక్క ఐదు నిమిషాల కాల్’. ఆ ఐదు నిమిషాలు ఏడున్నరకు పూర్తయ్యేసరికి న్యూజెర్సీలో ఆఫీసువేళ మొదలవుతుంది, అసలు కాల్ అప్పుడు మొదలుపెట్టండి. శుక్రవారం సాయంత్రం అడిగిన రిపోర్టును సోమవారం దాకా చదవకండి.

అధ్యయనాల జోలికి అసలు పోవద్దు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ బుకింగుల కంపెనీలో కాల్ సెంటర్ ఉద్యోగుల మీద చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. దాన్ని మీ పైవాళ్లకు చూపించకండి. ఇదే ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లకు, వాళ్ల పనితీరుకు తగినన్ని ప్రమోషన్లు రాలేదు. కళ్ల ఎదుట లేనివాడు గుర్తుకు రాడు. ఒంటరితనం పడలేక, వీలు దొరకగానే సగం మంది దాకా ఆఫీసుకు తిరిగొచ్చారు కూడా. ఈ రెండు ముక్కలూ ఉద్యోగులకు చెప్పకండి, వాళ్లు మిమ్మల్ని లెక్క అడగొచ్చు. అదే కంపెనీలో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిచ్చి చూస్తే మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారనీ, పనితీరులో తేడా రాలేదనీ 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు అన్నది అటు వీరులకూ ఇటు వీరులకూ నచ్చని తీర్పు. దాచేయండి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన ప్రశ్న రావచ్చు, ముందే కాచుకోండి. 1985లో బెంగళూరుకు వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉపగ్రహ డిష్ బిగించుకుని అమెరికాకు పని పంపినప్పటి నుంచి మన సాఫ్ట్‌వేర్ రంగం చేస్తున్నది ఏమిటి? 1998 నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించింది దేనికి? దూరాన ఉండి పని చేయడానికే. క్లయింటు ముఖం ఎన్నడూ చూడకుండా రిటైరవబోతున్నవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. డాలస్ పని మాదాపూర్‌లో కూర్చుని చేస్తే అది గ్లోబల్ డెలివరీ. మాదాపూర్ పని మండపేటలో కూర్చుని చేస్తానంటే మాత్రం టీమ్ స్పిరిట్ దెబ్బతింటుంది. సముద్రాలు దాటి వెళ్లిన నమ్మకం గోదావరి దాటదెందుకు అని ఏ కుర్రాడైనా అడిగితే, ‘కల్చర్’ అని ఒక్క మాట అనండి. అర్థం కాదు కాబట్టి ఎదురు చెప్పలేడు.

అసలు ఈ విషయంలో పెద్ద కంపెనీలను చూసి నేర్చుకోవాలి. 2025 నాటికి ఏ సమయంలోనైనా ఉద్యోగుల్లో నాలుగో వంతు ఆఫీసులో ఉంటే చాలునని టీసీఎస్ 2020లో ప్రకటించింది. 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది, 2024లో హాజరును వేరియబుల్ పేకు ముడిపెట్టింది. ఇంటి పనికి ఊతమిచ్చి పేరు తెచ్చుకున్న జూమ్ కంపెనీయే, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్న తన ఉద్యోగులను వారానికి రెండు రోజులు రమ్మని 2023లో పిలిచింది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులు తప్పనిసరి చేసింది. మీరు ఉద్యోగి అయితే, ఇవన్నీ తెలిసి కూడా చేయవలసింది ఏమిటంటే, ‘పర్మనెంట్ వర్క్ ఫ్రమ్ హోమ్’ అని హెచ్ఆర్ నోటిమాటగా చెప్పగానే హైదరాబాదు ఫ్లాటు ఖాళీ చేసి, పిల్లల టీసీలు తీసుకుని ఊరికి వచ్చేయడం. ఆఫర్ లెటర్‌లో పనిచేసే చోటు ఏమని రాసి ఉందో చూడకండి. ‘సంస్థ అవసరాన్ని బట్టి మారవచ్చు’ అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లకు శ్రమ.

చట్టం మాటకొస్తే, దాన్నీ పట్టించుకోవద్దు. కాల్ సెంటర్ పని ఇంటి నుంచి చేయించాలంటే టెలికాం శాఖకు బ్యాంకు గ్యారంటీలు ఇవ్వాల్సిన రోజులు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి, 2020 నవంబరులో తీసేశారు. సెజ్‌లలోని (ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని) కంపెనీలకు ఇంటి పని గురించి ఒక నియమం రావడానికే 2022 జూలై అయింది, అదీ మొదట సగం మందికి, ఏడాది పాటు. సెజ్ రాయితీ స్థలానికి ముడిపడి ఉంటుంది, మనిషి ఎక్కడుంటే అక్కడికి రాదు. మిమ్మల్ని ఆఫీసుకు రమ్మన్న ప్రతిసారీ టీమ్ స్పిరిటే కారణం కాదన్నమాట. ఈ సంగతి మీకెందుకు?

ఇక ఇల్లు. ఈ అధ్యాయమే అసలైనది.

గది తలుపు వేసుకోవడం అహంకారం. హాల్లో, టీవీ ఎదురుగా, వంటింటి దారికి అడ్డంగా కూర్చోండి. 2017లో దక్షిణ కొరియాలోని బూసాన్ నుంచి ఒక ప్రొఫెసర్ బీబీసీకి ఇంటర్వ్యూ ఇస్తుంటే వెనక తలుపు తోసుకుని పిల్లలు వచ్చేశారు, ప్రపంచమంతా నవ్వింది. ఆయన గడియ వేయడం మరిచిపోయాడు. మన దగ్గర గడియ వేసి ఉన్నా లాభం లేదు, అవతల పిలిచేది అమ్మ.

“ఒరేయ్ చిన్నా, ఖాళీగానే కూచున్నావుగా, గ్యాసుబండ వచ్చింది, దింపించు.”

“కాల్‌లో ఉన్నానమ్మా.”

“ఫోను చెవి దగ్గర లేదు కదరా, కాలేమిటి?”

దీనికి పరిష్కారం, ఇంట్లోవాళ్లకు మీ పని ఏమిటో ఎన్నడూ వివరించకపోవడం. ఎన్నింటికి మొదలవుతుందో, ఎన్నింటికి అయిపోతుందో చెప్పకండి. మధ్యాహ్నం రెండింటికి లేస్తే బద్ధకస్తుడనీ, రాత్రి పదకొండింటికి లైటు వేసుకుని ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఏదో వ్యవహారం నడుపుతున్నాడనీ అనుకోనివ్వండి. ఊళ్లో మాత్రం మీ గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు, ఉద్యోగం పోయిందని. సంబంధం చూడటానికి వచ్చిన పెద్దమనిషి “అబ్బాయి ఏం చేస్తుంటాడండీ” అంటే, “ఇంట్లోనే ఉంటున్నాడండీ” అని మీ నాన్నగారు నిజం చెబుతారు. కాఫీ తాగి వెళ్లినవాళ్లు మళ్లీ ఫోను చేయరు.

ఇంటి నుంచి పనిచేసేది కోడలైతే సలహాలు అత్తగారికీ భర్తగారికీ ఇవ్వాలి. ఆఫీసుకు వెళ్లే కోడలు సాయంత్రం దాకా దొరకదు. ఇంట్లో ఉన్న కోడలు కాల్‌కూ కాల్‌కూ మధ్య దొరుకుతుంది. కుక్కర్ మూడు కూతలు వచ్చాక దింపడం, పాలవాడికి డబ్బులివ్వడం, ఆన్‌లైన్ క్లాసు పిల్లాడి పక్కన కూర్చోవడం, మామగారి బీపీ మాత్ర, చుట్టాలకు టీ. “ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా” అన్న ఒక్క వాక్యం కంఠస్థం చేయండి, మిగతావన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. ఆమె మ్యూట్ నొక్కి ఉల్లిపాయలు తరుగుతూ రిలీజు ప్లాన్ వింటుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ రిలీజు ప్లాన్ రాస్తుంది. ఆఫీసులో ఆమెను ఇంటి ధ్యాస మనిషనీ, ఇంట్లో ఆఫీసు ధ్యాస మనిషనీ అనుకుంటారు. రెండుచోట్లా అనడం మరవకండి.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యంగా మహిళల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్దయెత్తున తెస్తామన్నారు. పట్నాల్లో, మండలాల్లో పనిచేసుకునే చోట్లు కూడా ఏర్పాటయ్యేలా చూస్తామన్నారు. ఇందులో మొదటి సగం మీకు అనుకూలం. రెండో సగంతో జాగ్రత్త. ఇంటికి నడిచివెళ్లేంత దూరంలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఫ్యాను, మంచి నెట్టు ఉన్న గది దొరికితే కోడలు పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు వస్తుంది. మధ్యలో ఎవరూ పిలవరు. పని అక్కడే అయిపోతుంది. ఇంత నష్టం ఏ ఇల్లు భరిస్తుంది? అలాంటి గదులు ఊళ్లోకి రాకుండా చూసుకోండి, వచ్చినా వాటికి కొడుకునే పంపండి. మగవాళ్లకూ ఇంతే ఉదారంగా ఇంటి పని ఇవ్వమని ఎవరైనా అడిగితే మాట మార్చండి, అప్పుడు వంట ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది.

సాంకేతిక విషయాలు కొన్ని.

నెట్టు నత్తలా నడిస్తే ఇంకా పెద్ద ప్లాను కొనండి. వీడియో కాల్‌కు కావలసింది మూడు నాలుగు ఎంబీపీఎస్ వేగమేనని, కాల్ తెగిపోవడానికి కారణం వేగం కాదు నిలకడ లేకపోవడమేనని తెలిసినవాళ్లు చెబుతారు. వినకండి. 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని, రౌటరును బెడ్‌రూములో ఇనప బీరువా వెనక పెట్టి, మీరు వసారాలో కూర్చోండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటడానికి ఆపసోపాలు పడుతుంది, పడనివ్వండి. ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు పెట్టుకుంటే సగం బాధలు తీరుతాయి, కానీ చూడటానికి బాగుండదు.

కరెంటు సంగతి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండండి. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వీధి చివర స్తంభానికి వేలాడే కేబుల్‌వాళ్ల పెట్టెకు బ్యాటరీ లేకపోతే నెట్టు మాత్రం పోతుంది. అది కేబులబ్బాయిని ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం. అడగకండి. రెండో కనెక్షను తీసుకోవాలనిపిస్తే, అదే స్తంభం మీదుగా వచ్చే ఇంకో కంపెనీది తీసుకోండి. జేసీబీ డ్రైనేజీ తవ్వినప్పుడు రెండూ ఒకేసారి తెగుతాయి, ఏది పనిచేస్తోందో చూసుకునే శ్రమ ఉండదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, హైదరాబాదులో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయారు, ఎన్నో ఇళ్లలో నెట్టు పోయింది. మనుషుల ప్రాణాలకూ మన స్టాండప్ మీటింగుకూ ఒకే స్తంభం ఆధారమై ఉందని ఆ రోజుల్లో తెలిసింది. (ఇది చెడు సలహా కాదు, ఉన్న సంగతి.) గ్రామాల దాకా ఫైబర్ అన్నది కూడా కొత్త మాట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. తీగ వేయడం ఒక ఎత్తు, తెగిన తీగను అదే రోజు అతికించడం ఇంకో ఎత్తు. ఉద్యోగాలు నిలబడేది రెండోదాని మీద. ప్రారంభోత్సవాలు జరిగేవి మొదటిదానికి.

ఆఫీసు ల్యాప్‌టాప్ తమ్ముడికి గేములకు ఇవ్వండి. పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకే అంటించండి, కెమెరాలో వెనక గోడ మాత్రమే కనిపిస్తుంది కదా. ఓటీపీ వస్తే గట్టిగా చదవండి.

మీటింగులకు ఇప్పుడు మనుషులే వెళ్లనక్కరలేదు. మీ బదులు ఏఐ నోట్స్ రాసే బొమ్మను పంపండి. అవతలివాళ్లూ అదే పంపుతారు. చూస్తుండగానే పదకొండు చతురస్రాల్లో ఇద్దరు మనుషులు, తొమ్మిది బొమ్మలు కూర్చునే మీటింగులు వస్తాయి. ఆ ఇద్దరిలో ఒకరు మ్యూట్‌లో మాట్లాడుతూ ఉంటారు. తర్వాత తొమ్మిది సారాంశాలు మెయిలుకు వస్తాయి, వాటిని ఇంకో ఏఐకి ఇచ్చి ఒక్క ముక్కలో చెప్పమనండి. ఆ ఒక్క ముక్క మొదటే మెయిలులో రాసి ఉంటే మీటింగే ఉండేది కాదు. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ కళ్లకు పెట్టె కట్టుకుని బొమ్మలమై ఒకే బల్ల చుట్టూ కూర్చునే వర్క్‌రూమ్స్ తెచ్చింది. అప్పట్లో ఆ బొమ్మలకు నడుము కింద ఏమీ ఉండేది కాదు, కాళ్లుండేవి కావు. చొక్కా వేసుకుని కింద లుంగీతో కాల్‌లో కూర్చునే మనవాళ్లకు అది అప్పటికే తెలిసిన సాంకేతికత.

ఇంటర్వ్యూలకు ప్రాక్సీ సంప్రదాయం అమీర్‌పేటలో ఎప్పటి నుంచో ఉంది. ఒకరు పెదవులు కదపడం, ఇంకొకరు జవాబు చెప్పడం. ఇప్పుడు ముఖమే మార్చే డీప్‌ఫేక్ వచ్చింది. దూరపు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇది వాడుతున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2022లోనే హెచ్చరించింది. మీరూ కానివ్వండి. ఫలితం ఏమిటంటే కంపెనీలు మళ్లీ ముఖాముఖి ఇంటర్వ్యూకు రమ్మంటున్నాయి. కనీసం ఒక రౌండు ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. నరసన్నపేటలో కూర్చుని నిజంగా చదువుకున్న అమ్మాయి ఇప్పుడు ఒక్క ఇంటర్వ్యూ కోసం రైలు టికెట్టు కొనుక్కోవాలి. మీ పెదవుల కదలికకు ఆమె కట్టే ఛార్జీ అది. ఒకేసారి రెండు ఉద్యోగాలు చేయాలనుకునేవాళ్లు కూడా మొదలుపెట్టండి. 2022లో విప్రో అలా పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని తీసేసింది. రెండు కంపెనీల పీఎఫ్ ఒకే యూఏఎన్ నంబరులో పడుతుందన్నది మీరు చూడకుండా ఉంటే సరిపోతుంది.

పనివేళ తర్వాత ఫోను ఎత్తకపోయే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. మన లోక్‌సభలో ఆ హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. మీరు ఎత్తండి. మొదటి రింగుకే.

చివరగా, ఇంకా ఉద్యోగం దొరకనివాళ్లకు. పెద్ద కంపెనీలు మనుషులను వెనక్కి పిలిచేకొద్దీ ఇంటి నుంచి చేసే నిజమైన ఉద్యోగాలకు పోటీ పెరుగుతుంది. దొంగ ఉద్యోగాలకు కొరత ఉండదు. మీరు నౌక్రీలో దరఖాస్తులు పెట్టుకుంటూ కూర్చోకండి. వాట్సాప్‌లో తెలియని నంబరు నుంచి ‘హాయ్, నేను హెచ్ఆర్, రోజుకు రెండు గంటలు, ఇంటి నుంచే’ అని వస్తుంది. యూట్యూబ్ వీడియోలకు లైకు కొట్టడం, మ్యాప్స్‌లో హోటళ్లకు ఐదు నక్షత్రాలు ఇవ్వడం, అంతే పని. మొదటి రోజు మీ ఖాతాలో నూటయాభయ్యో రెండొందలో నిజంగానే పడతాయి. ఏ కంపెనీ అయినా ఇంటర్వ్యూ చేయకుండా, లెటర్ ఇవ్వకుండా ఇలా డబ్బులు ఎందుకిస్తుందని ఆలోచించకండి. ఆలోచన వద్దని మొదట్లోనే చెప్పాను. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు, అక్కడ అందరూ లక్షలు సంపాదించినట్టు స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. ‘ప్రీపెయిడ్ టాస్క్’కు ముందు మీరు వెయ్యి కట్టాలి, తర్వాత పదివేలు, తర్వాత అమ్మ గాజులు. యాప్‌లో మీ లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. కట్టండి.

ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో సాగిన 712 కోట్ల రూపాయల మోసాన్ని హైదరాబాదు పోలీసులు 2023 జూలైలో బయటపెట్టారు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి క్రిప్టోగా మారి దేశం దాటింది. పోయిందని తెలిసిన మొదటి గంటలోనే ఫోను చేస్తే అది ఇంకా మన బ్యాంకుల్లో ఉండగా ఆపగలిగే అవకాశం ఎక్కువ. అందుకని సిగ్గుపడుతూ రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండండి. సైబర్ నేరాలకు ఫిర్యాదు చేసే నంబరు 1930 అన్న సంగతి మీ ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకండి.